రెటీనా ఆపరేషన్ అయ్యాక కొత్త అద్దాలకు తొందరపడి నేను పోగొట్టుకున్న 20,500

అనంతపురంలో గానీ చుట్టుపక్కల గానీ ఎవరికైనా ఈమధ్య రెటీనా (కంటి లోపల వెనక ఉండే చూపు పొర) ఊడి ఆపరేషన్ అయి, కొత్త అద్దాలు ఎప్పుడు చేయించుకుందామా అని చూస్తుంటే ముందు ఇది చదవండి. షాపు పేరు రాయను. ఆ ఒక్క షాపే ఇలా చేస్తుందని నేను అనుకోవడం లేదు.

నాకు 48 ఏళ్లు. చెనక్కాయల నూనె మిల్లులో లెక్కలు రాస్తాను. హైస్కూలు నుంచి సోడాబుడ్డి అద్దాలే, రెండు కళ్లకూ మైనస్ 8. ఇంత పవర్ ఉన్న కన్ను మామూలు కన్ను కంటే పొడుగ్గా సాగి ఉంటుందట, లోపలి రెటీనా పలచబడుతుందట. ఊడే ప్రమాదం అందుకే మనలాంటివాళ్లకు ఎక్కువ. ఇదంతా డాక్టరమ్మ తర్వాత చెప్పింది. నాకు మొదట తెలిసిందల్లా ఎడమ కంటి మూల మెరుపులు, మర్నాటికి మసి రాలినట్టు నల్ల చుక్కలు, మూడో రోజుకు కింది నుంచి లేచిన నల్లటి తెర. మెరుపుల రోజే వెళ్లాల్సింది. వెళ్లలేదు.

బెంగళూరులో ఆపరేషన్ చేశారు. కంట్లోని జెల్లీ తీసేసి, పొరను అతికించి, లేజర్ వేసి, మళ్లీ ఊడకుండా లోపల సిలికాన్ నూనె నింపారు. "మిల్లులో నూనె చాలలేదా బావా, కంట్లో కూడా పోయించుకున్నావు" అని మా బామ్మర్ది ఇప్పటికీ ఏడిపిస్తాడు. బోర్లా పడుకున్న ఆ వారం గురించి రాయడం మొదలుపెడితే ఇంకో పోస్టు అవుతుంది, వదిలేస్తున్నా.

మూడో వారానికి మిల్లు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పాత అద్దాలతో ఎడమ కన్ను అలుక్కుపోయినట్టు కనిపించేది. సుభాష్ రోడ్డులో ఏసీ ఉన్న ఒక పెద్ద ఆప్టికల్స్ షాపుకి వెళ్లాను. ఆపరేషన్ అయిందని, కంట్లో నూనె ఉందని నా నోటితో నేనే చెప్పాను. ఆ కుర్రాడు తలూపి, కంప్యూటర్ మిషన్ ముందు గడ్డం పెట్టమన్నాడు. చీటీ తీసి, "సార్, మీరు అదృష్టవంతులు! ఎడమ కన్ను మైనస్ రెండున్నరకు దిగిపోయింది, ఆపరేషన్ మీకు బాగా కలిసొచ్చింది" అన్నాడు. ముప్పై ఐదేళ్లుగా సోడాబుడ్డి అనిపించుకున్నవాడికి ఆ మాట ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇంకేం అడగలేదు. పలచటి ప్రోగ్రెసివ్ లెన్సులు (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం) 14,500, ఫ్రేమ్ 3,800, ఫోన్ వెలుతురు నుంచి కాపాడుతుందన్న "రెటీనా ప్రొటెక్షన్" కోటింగ్ 2,200. అక్కడికక్కడే కట్టేశాను.

మిషన్ అబద్ధం చెప్పలేదు, అసలు చిక్కు అదే. శుక్లం ఆపరేషన్ కాక, పుట్టుకతో వచ్చిన సొంత లెన్సు ఉన్న కంట్లో జెల్లీ స్థానంలోకి సిలికాన్ నూనె వచ్చేసరికి, ఆ లెన్సు వెనక వంపుకి ఉండే శక్తి చాలా వరకు పనిచేయదు. దాంతో పవర్ 5, 6 దాకా ప్లస్ వైపు జరుగుతుంది. నా మైనస్ 8 మైనస్ రెండున్నరగా కనిపించింది అందుకే. నూనె తీయగానే మళ్లీ మొదటికొస్తుంది. అంటే నేను 20,500 పెట్టి కొన్నది నాలుగు నెలలు ఉండే నూనెకు అద్దాలు!

ఆ నాలుగు నెలలైనా పనికొచ్చాయా అంటే అదీ లేదు. కుడి కంటికి మైనస్ 8, ఎడమ కంటికి రెండున్నర పెడితే ఒక కంట్లో అంకె చిన్నగా, ఇంకో కంట్లో పెద్దగా పడుతుంది. లెడ్జర్‌లో ఒకే వరస రెండుగా కనిపించేది. మిల్లు మెట్ల మీద లేని మెట్టుకు కాలు వేసి పడబోతే హమాలీ పట్టుకున్నాడు. షాపుకి పోయి చెబితే, "ప్రోగ్రెసివ్ అంటే మొదట్లో అంతే సార్, పది రోజుల్లో అలవాటైపోతుంది" అన్నారు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఈ "అలవాటైపోతుంది" అన్న మాట నన్ను ముంచేదే. నాలుగో రోజు నుంచి ఎడమ కనుబొమ మీద నొప్పి, సాయంత్రానికి తలంతా పట్టేసేది. కొత్త అద్దాల వల్లే అనుకుని ఓర్చుకున్నాను. పన్నెండో రోజు వాంతి అయితే మా ఇంటావిడ నన్ను అడగకుండానే ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ రాత్రే బస్సెక్కాం. చూస్తే కంటి ప్రెజర్ 34. 21 లోపు ఉండాలి. కంట్లో నూనె ఉన్నప్పుడు పెరగవచ్చట, వేసుకుంటున్న స్టెరాయిడ్ చుక్కల వల్ల కూడా పెరగవచ్చట. అలాగే వదిలేసి ఉంటే, అతికించిన పొర బాగానే ఉన్నా చూపు నరం దెబ్బతినేది. ఆపరేషన్ అయిన కంటికి నొప్పి వచ్చినా, ఎరుపెక్కినా, చూపు తగ్గినా చెప్పాల్సింది డాక్టరుకు, అద్దాల షాపుకి కాదు.

డాక్టరమ్మ నా కొత్త అద్దాలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నా డిశ్చార్జి కాగితాల్లో మూడో పేజీ తీసి చూపించింది. "కొత్త అద్దాలు నూనె తీసిన తర్వాతే" అని ఉంది. ఆ పేజీ నేను చదవలేదు. తప్పులో నా వాటా అది. కోటింగ్ గురించి అడిగితే నవ్వింది. ఫోన్ వెలుతురుకి రెటీనా ఊడటానికి సంబంధం లేదు, ఊడకుండా ఆపే కోటింగ్ అంటూ ఏదీ లేదు.

అందరికీ నూనె వేయరు. పక్క బెడ్ ఆయనకు గ్యాస్ వేశారు. రకాన్ని బట్టి అది రెండు వారాల నుంచి రెండు నెలల్లో దానంతటదే పోతుంది, అప్పటిదాకా విమానం ఎక్కకూడదు. తిరుమల కొండ ఎక్కాలన్నా ముందు డాక్టరును అడగమన్నారు. కంటి చుట్టూ బెల్టులాంటిది కుట్టినవాళ్లకు కన్ను ఇంకాస్త పొడుగై మైనస్ 2, 3 దాకా పెరుగుతుంది. ఏ పద్ధతైనా కన్ను కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దానికి తోడు, జెల్లీ తీసిన కంటికి శుక్లం తొందరగా వస్తుంది. 50 దాటినవాళ్లలో ఎక్కువమందికి రెండేళ్ల లోపే. అప్పుడు పవర్ మళ్లీ మారుతుంది. నూనె తీశాక నా ఎడమ కన్ను మైనస్ తొమ్మిదిన్నర తేలింది, శుక్లం మొదలైందన్నారు. అందుకే ఈసారి ఆవిడ చెప్పినట్టు 1,400 రూపాయల మామూలు లెన్సులే వేయించుకున్నాను.

డబ్బు వెనక్కి అడిగాను. "మీ పవర్ ప్రకారమే చేశాం, కోసిన లెన్సు మేమేం చేసుకోవాలి" అన్నారు. ఇంకో జత కొంటే 15 శాతం తగ్గిస్తారట! బిల్లు చూస్తే కోటింగ్ ఊసే లేదు, ఆ 2,200కు చేత్తో రాసిన చీటీ ఇచ్చారు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే, 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. లెన్సుల మీద మాత్రం నా కేసు గట్టిది కాదు, చీటీలో ఉన్న పవరే లెన్సులోనూ ఉంది. మీరు కొనేటప్పుడైనా లెన్సు రకం, పవర్, కోటింగ్ విడివిడిగా బిల్లులో రాయించుకోండి. షాపు మిషన్ చీటీతో కాదు, ఆపరేషన్ చేసిన డాక్టరు రాసిన చీటీతో వెళ్లండి.

నూనె ఇంకా కంట్లో ఉన్న రోజుల్లోనే, పాత అద్దాలకు ముక్కు దగ్గరి బుడిపె ఊడితే పాతూరులో ఒక చిన్న షాపుకి వెళ్లాను. పెద్దాయన ఒక్కడే ఉన్నాడు, ఏసీ లేదు, మిషన్ లేదు. నా ఎర్రటి కన్ను చూసి, "రెటీనానా? నూనె తీసినారా, ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. "అట్లయితే అద్దాలు ఇప్పుడొద్దు నాయనా, తీయించుకున్నాక నెలన్నర పోనిచ్చి రా" అన్నాడు. బుడిపెకు 40 రూపాయలు తీసుకున్నాడు.