అమలాపురం పచ్చళ్ళ కొట్టు: సముద్రం మీద తిని చూశాక

మా అమలాపురంలో ఈ కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. మేడ మెట్ల కింద నాలుగు జాడీలతో మొదలై ఇప్పుడు రెండు గదులయింది. పచ్చళ్ళు, పొడులు, కాజాలు, ఆత్రేయపురం నుంచి తెప్పించే పూతరేకులు దొరుకుతాయి. కింద ఒక ఫిర్యాదు ఉంది కాబట్టి పేరు రాయడం లేదు, ఊరివాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

ఇంట్లో వేడన్నంలో కలుపుకుంటే ఏ పచ్చడైనా బాగానే ఉంటుంది. మేం నలుగురం ఈ కొట్టు సరుకు పెట్టుకుని విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, తెరచాప పడవలో వెళ్ళాం. నేను డీజిల్ ఇంజన్ల మెకానిక్‌ని. పడవ కాకినాడలో ఉండే ఒక రిటైర్డ్ కెప్టెన్ గారిది. ఇంజను చూసుకోవడానికి రమ్మన్నారు. జనవరి కదా, ఈశాన్య గాలి నిలకడగా ఉండి ఇంజనుతో పనే పడలేదు. ఖాళీగా కూర్చున్నానని వంట నాకు అంటగట్టారు.

దూరం సుమారు 650 నాటికల్ మైళ్ళు. ఐదు నాట్ల, అంటే గంటకి ఐదు నాటికల్ మైళ్ళ, వేగంతో వెళ్తే రోజుకి 120 మైళ్ళు నడుస్తుంది. పడవ ఆగ్నేయానికి పోతోంది, గాలి ఎడమ పక్క నుంచి కొడుతోంది. అందుకని రాత్రింబగళ్ళు పడవ కుడివైపుకి ఒరిగే ఉంటుంది. ఒరగడం అంటే కొంచెం కాదండి, గిన్నె ఎక్కడ పెట్టినా కుడి గోడకే చేరుతుంది. పొయ్యి మాత్రం రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడుతూ, పడవ ఎటు వాలినా తను మట్టంగా ఉంటుంది. వంటవాడికి ఆ సౌకర్యం లేదు, నడుముకి పటకా బిగించి నిలబెడతారు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి అన్నం, పప్పు అన్నీ కుక్కర్లోనే.

మొదటిరోజు ఎవరికీ ఏదీ సహించలేదు. తీరం కనబడుతున్నంతసేపూ సీగల్స్ వెంట వచ్చాయి. వేసవిలో లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి చలికాలానికి మన తీరానికి దిగే రకం అవి. బ్రౌన్-హెడెడ్ గల్ అని పేరులో గోధుమరంగు తల ఉన్నా చలికాలంలో ఆ తల తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఒక నల్ల మచ్చ తప్ప. మాలో ఇద్దరు తినలేక పారేసిన ఇడ్లీలన్నీ వాటికే దక్కాయి. ఆ పూట మా కడుపులోకి దిగింది అల్లం పచ్చడి ఒక్కటే. చింతపండు, బెల్లం సరిగ్గా పడ్డాయి, అల్లం ఘాటు చావలేదు. వాంతులు వస్తాయని భయపడేవాళ్ళు బస్సు ప్రయాణానికైనా పట్టుకెళ్ళొచ్చు.

ఆవకాయకి వంక పెట్టలేను. ముక్క చివరిదాకా గట్టిగానే ఉంది, పప్పునూనె మంచిది వాడారు. కాకపోతే మంచినీళ్ళు మిగుల్చుకోవాలని అన్నం వండేటప్పుడు మూడు గ్లాసుల మంచినీళ్ళకి ఒక గ్లాసు సముద్రపు నీళ్ళు కలిపేవాణ్ణి. సముద్రపు నీటిలో లీటరుకి 30 గ్రాముల పైనే ఉప్పుంటుంది. ఆ అన్నంలో ఆవకాయ కలిపితే నోట్లో పెట్టుకోలేం. కాబట్టి ఆవకాయ రోజున అంతా మంచినీళ్ళే, కంది పొడి రోజున సముద్రపు నీళ్ళు. ఈ కొట్టు కంది పొడిలో ఉప్పు తక్కువ వేస్తారని ఊళ్ళో అందరూ అంటారు. మాకు అదే కలిసొచ్చింది.

కెప్టెన్ గారికి బీపీ. ఆవకాయ వద్దంటే వినరు. ఒక మధ్యాహ్నం బూబీ అనే సముద్రపు పక్షి వచ్చి ముందువైపు కమ్మీ మీద వాలింది. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు, పొట్ట తెలుపు. నేను రెండు బారల దూరంలో కూర్చుని చూశాను. బాతుకి మూడు వేళ్ళ మధ్యే పొర ఉంటుంది, దీనికి నాలుగు వేళ్ళనీ కలుపుతూ ఉంది. ఆ కాళ్ళతో ఇనపకమ్మీ పట్టుకోవడం దానికి చేతకావడంలేదు. పడవ ఊగినప్పుడల్లా రెక్కలు విప్పి సర్దుకుంటోంది. ముక్కు చివర ఒక చుక్క ఊరుతుంది, జారుతుంది, తల విదిలిస్తుంది, మళ్ళీ ఊరుతుంది. ఇవి సముద్రపు నీళ్ళే తాగుతాయి, ఎక్కువైన ఉప్పుని కళ్ళ దగ్గరుండే గ్రంథులు వడకట్టి అలా బయటికి పంపేస్తాయి. "ఉప్పు తీసే మిషను దానికుందండీ, మీకు లేదు" అని ఆవకాయ డబ్బా ఆయన ముందునుంచి తీసేశాను. ఆయన నవ్వి, వెళ్ళి ముందు సోలార్ పలక కడగమన్నారు. నిజమే, ఆ బూబీ రెట్ట పలక మీద పడి అప్పటికే బ్యాటరీ ఛార్జింగ్ తగ్గింది. పడవ ముందు ఎగిరే చేపలు లేచినప్పుడల్లా అది దూకి పట్టుకుని మళ్ళీ మా కమ్మీ మీదకే వచ్చేది. ఎండు రొయ్య విసిరితే చూడను కూడా చూడలేదు.

రాత్రి నా కాపలా పన్నెండు నుంచి నాలుగు. ఓడల దీపాలు కనబడుతున్నాయేమో చూసుకుంటూ కూర్చోవడమే పని. నిద్ర ఆపింది ఇద్దరు: మడత కాజా ఒకటి, సూటీ టెర్న్ అనే సముద్రపు పక్షి ఒకటి. ఈ టెర్న్ ఈకలు నీళ్ళకి తడిసిపోతాయి కాబట్టి సముద్రం మీద వాలి పడుకోదు, రాత్రిళ్ళు కూడా ఎగురుతూనే అరుస్తుంది. పక్షి కనబడేది కాదు, అరుపే. కాజా మాత్రం చివరి రాత్రికి కూడా పొరలు విడిగా, కరకరలాడుతూనే ఉంది. గొట్టం కాజా వద్దు, కొరికితే పాకం చేతుల మీదుగా స్టీరింగ్‌కి అంటుకుంటుంది.

పూతరేకులు దండగ. కొట్టువాళ్ళ తప్పేం లేదు. బియ్యప్పిండి జావతో తీసిన పల్చటి రేకు ఆ తేమకి ఆగదు, రెండో రోజుకి తడి గుడ్డలా అయిపోయింది. వాటికి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, గొప్పే, ఒడ్డునే తినండి.

ఇక ఫిర్యాదు. కొనేటప్పుడే "పిన్నిగారూ, పడవ మీదకండీ, మూత తిప్పే డబ్బాల్లో పెట్టించండి" అని రెండుసార్లు చెప్పాను. "అమెరికా వెళ్ళేవాళ్ళకి కట్టినట్టే కడతాం బాబూ, భయంలేదు" అని కవరు మీద కవరు వేసి అంటించారు. విమానంలో పెట్టె అడుగున కదలకుండా ఉండేదానికి అది చాలు. ఇక్కడ రాత్రీ పగలూ ఒకే పక్కకి ఒత్తిడి. మూడో రోజుకి మాగాయ కవరు అంచు విడిపోయింది. నూనె అలమారలోంచి కారి పడవ అడుగుకి చేరింది. సబ్బు, సముద్రపు నీళ్ళు వేసి ఎంత కడిగినా పోర్ట్ బ్లెయిర్ దాకా వెల్లుల్లి వాసనే. పక్కనున్న నా బనీన్లు కూడా పోయాయి. తిరిగొచ్చి చెబితే మాగాయ ఒక కిలో ఊరికే ఇచ్చారు, అదీ కవర్లోనే.

ధర బజారు కన్నా ఎక్కువ, ఆవకాయకి ఇవ్వచ్చు. డబ్బా ఇంటినుంచి పట్టుకెళ్తే కాదనకుండా అందులోనే తూచి ఇస్తారు. కంది పొడి ఏ రోజు దంచారో అడిగి తీసుకోండి, పాతది అడుగున పెట్టి అమ్మరు గానీ అడిగితే కొత్త డబ్బా విప్పుతారు.