ఫోర్ట్ పాయింట్, శాన్‌ఫ్రాన్సిస్కో: టికెట్ లేదు, చూడాల్సింది మాత్రం చాలా ఉంది

గోల్డెన్ గేట్ వంతెన దక్షిణపు కొసన, ఉక్కు కమాను కిందే ఉంటుంది ఈ ఇటుక కోట. బే ఏరియాలో ఉండే మనవాళ్లు వంతెన దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వెళ్లిపోతుంటారు. ఒక్కసారి కిందికి దిగి చూడండి.

1853లో పని మొదలైంది. ఫిరంగి గుండు నీటి మట్టానికి దగ్గరగా వెళ్లి శత్రు ఓడ పక్క గోడకు తగలాలని, 90 అడుగుల కొండను 15 అడుగులకు పేల్చేశారు. సుమారు 80 లక్షల ఇటుకలు పట్టాయి. గోడల మందం ఏడడుగులు. అయితే 1862లో, అమెరికా అంతర్యుద్ధంలో, జార్జియాలోని ఫోర్ట్ పులాస్కీ అనే ఇటుక కోట గోడలను గొట్టం లోపల మెలి గాళ్లున్న ఫిరంగులు (రైఫిల్డ్ గన్స్) ఒకటిన్నర రోజులోపే బద్దలు కొట్టడంతో ఇటుక కోటల కాలం చెల్లింది. ఫోర్ట్ పాయింట్‌లో మాత్రం యుద్ధంలో ఒక్క గుండూ పేలలేదు.

వంతెన కోసం దీన్ని కూల్చేయకుండా ఇంజనీర్ జోసెఫ్ స్ట్రాస్ పైనుంచి కమాను వేయించారు. ఆ నిర్ణయానికి చేతులెత్తి మొక్కాలి. 1970లో ఇది జాతీయ చారిత్రక స్థలమైంది.

లోపల కమాను గదుల్లో ఇటుకల మీది తెల్లటి పొరను చూడండి. తేమతో లోపలి లవణాలు బయటికొచ్చి గడ్డకడతాయి. ఇలాంటి గోడల సందుల్లో గట్టి సిమెంటు నింపితే తేమ ఇటుకలోంచే బయటపడాల్సి వచ్చి, దాని ముఖమే రాలిపోతుంది. మెత్తటి సున్నపు గచ్చే సరైన మందు.

పై అంతస్తుకు ఇరుకైన మెలికల మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. వేసవిలోనూ చలిగాలి కొడుతుంది, జాకెట్ తప్పనిసరి. వారంలో అన్ని రోజులూ తెరవరు, వేళలు చూసుకునే బయల్దేరండి.