సిబిల్ పెంచుతామంటే 14,999 కట్టాను, చేతికొచ్చింది ఎడిట్ చేసిన పీడీఎఫ్

ఇంటి లోన్ కోసమో బండి లోన్ కోసమో వెళ్లి, "స్కోరు తక్కువగా ఉందండీ" అనిపించుకుని వెనక్కి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదవండి. సిబిల్ అంటే మనం అప్పులు ఎలా కడుతున్నామో రాసిపెట్టి, దాన్ని బట్టి స్కోరు ఇచ్చే సంస్థ, ఇలాంటి సంస్థలనే బ్యూరోలు అంటారు. "సిబిల్ రిపేర్", "క్రెడిట్ కరెక్షన్" అని వాట్సాప్‌లో తిరిగే వాళ్లకు డబ్బు కట్టకముందే చదవండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఇంకా తొందరగా చదవండి. నా విషయంలో పోయిన డబ్బు కన్నా ఆ తర్వాత జరిగిందే ఎక్కువ నష్టం చేసింది.

మాది ఖమ్మం. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. లెక్కల టీచరై ఉండి ఎలా మోసపోయావని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు, మీరు అడగకండి.

నా స్కోరు ఎందుకు పడిపోయిందో ముందు చెప్పాలి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. కొన్నాళ్లకు మా జీతాలూ ఆగిపోయాయి. బియ్యం, నూనె, మామయ్యగారి మందులు అన్నీ క్రెడిట్ కార్డు మీదే తెచ్చాం. ఆగస్టు దాకా ఆర్‌బీఐ మారటోరియం ఇచ్చిందన్నారు, సరే అని కట్టడం ఆపాను. కట్టడం వాయిదా పడుతుంది గానీ వడ్డీ ఆగదన్న సంగతి అప్పుడు బుర్రకెక్కలేదు. 34,000 బాకీ 2021 జనవరికల్లా 52,400 అయింది. ఆ ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అంతకు ముందు మూడు నెలలు ఎలా గడిచాయో మా తోటి టీచర్లకు చెప్పక్కర్లేదు.

అప్పుడే రికవరీ ఏజెంటు ఫోన్ చేసి, "24,000 ఒకేసారి కట్టేయండి మేడమ్, క్లోజ్ చేసేస్తాం" అన్నాడు. గాజులు బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకుని కట్టేశాను. వాళ్లు పంపిన లెటర్ మీద సెటిల్‌మెంట్ అని ఉంది. సెటిల్ అయిందంటే తీరిపోయిందనే కదా మనం అనుకుంటాం! బ్యాంకు లెక్కలో దాని అర్థం వేరు. ఈ మనిషి పూర్తిగా కట్టలేదు, మిగిలిన 28,400 మేం వదులుకున్నాం అని. ఆ ఒక్క మాట నా రిపోర్టులో కూర్చుంది, మూడేళ్లకు పైగా నాకు తెలియనే తెలియదు.

2024 డిసెంబరులో ఇల్లు కట్టుకుందామని లోన్‌కు వెళితే మేనేజరుగారు స్క్రీన్ చూసి, "611 ఉంది, పైగా సెటిల్డ్ అని ఉంది, కష్టం మేడమ్" అన్నారు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుందని, మన బ్యాంకులు ఎక్కువగా 750 పైన ఉంటే సంతోషంగా ఇస్తాయని ఆ రోజే తెలిసింది. ఆ రాత్రి నిద్ర లేదు.

మా ఆయన ఆఫీసులో ఒకతని తమ్ముడి ద్వారా ఈ ఏజెన్సీ నంబరు దొరికింది. హైదరాబాద్‌లో ఆఫీసు ఉందన్నారు. పేరు ఇక్కడ రాయను, రాసినా ఉపయోగం లేదు, ఎందుకో చివర్లో చెబుతాను. ఫోన్‌లో మాట్లాడిన కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "సెటిల్డ్‌ను డిలీట్ చేయిస్తాం మేడమ్, బ్యూరోలో మా వాళ్లు ఉన్నారు, 90 రోజుల్లో 750 గ్యారంటీ, రాకపోతే డబ్బు వాపస్." రిజిస్ట్రేషన్ 5,000, తర్వాత బ్యూరో ప్రాసెసింగ్ అని 9,999. రెండుసార్లూ యూపీఐలోనే కట్టాను. స్కాన్ చేసినప్పుడు కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనిపించింది. అడిగితే "అది మా అకౌంటెంట్‌ది మేడమ్" అన్నాడు. ఊరుకున్నాను. అక్కడే ఫోన్ పెట్టేసి ఉండాల్సింది.

డబ్బు కట్టాక మేడమ్ పోయి అక్కా వచ్చింది. "అక్కా, పాన్ ఫోటో పెట్టు, ఆధార్ పెట్టు." "అక్కా, ఇప్పుడొక ఓటీపీ వస్తుంది, చెప్పు." సిబిల్ సైట్‌లో నా పేరు మీద అకౌంటు తెరవడానికని చెప్పాడు. చెప్పాను. తర్వాతి పది రోజుల్లో ఏడెనిమిది ఓటీపీలు వచ్చాయి. కొన్ని క్లాసులో ఉండగా వచ్చాయి. అసలు మెసేజ్ పూర్తిగా చదవకుండానే, పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ, అంకెలు చదివి వినిపించాను.

ఆ ఓటీపీలతో వాళ్లు ఏం చేశారో తర్వాత ఒక్కొక్కటిగా బయటపడింది.

సిబిల్ అకౌంటులో ఈమెయిల్ తమది పెట్టుకున్నారు. మన రిపోర్టును ఏ బ్యాంకైనా తీసి చూస్తే మనకు మెసేజో మెయిలో రావాలని ఆర్‌బీఐ రూలు ఉంది, కానీ నా మెయిళ్లన్నీ వాళ్లకే పోయాయి. పాస్‌వర్డ్ కూడా వాళ్ల దగ్గరే. నా రిపోర్టు నేను చూసుకోలేని పరిస్థితి.

తర్వాత నా ఖాతాలన్నిటి మీదా "ఈ లోన్ నాది కాదు" అని డిస్ప్యూట్లు వేశారు. క్రెడిట్ కార్డు మీద వేశారు సరే, ఏటా వడ్డీ కట్టి ఒక్క రోజు ఆలస్యం లేకుండా తిరగరాయించుకుంటున్న నా గోల్డ్ లోన్ మీద కూడా వేశారు! నా రిపోర్టులో మంచిగా ఉన్నది అదొక్కటే. ఆ గోల్డ్ లోన్ ఇచ్చిన బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, "ఏమ్మా, లోన్ మీది కాదంటున్నారట, గాజులు ఎవరివి మరి?" అని. ఆ రోజు పడిన సిగ్గు చెప్పలేను.

బ్యూరో తనంతట తాను ఏ ఎంట్రీనీ తీసేయదు. డిస్ప్యూట్ పెడితే దాన్ని లోన్ ఇచ్చిన బ్యాంకుకు పంపుతుంది, బ్యాంకు ఔను తప్పే అంటేనే మారుతుంది. నా కార్డు బ్యాంకు రికార్డు నిజమే అంది. దాంతో డిస్ప్యూట్ కొట్టేశారు. "బ్యూరోలో మా వాళ్లు" అనే మాటకు అర్థమే లేదని అప్పుడు తెలిసింది. నిజంగా జరిగిన అప్పును, నిజంగా కట్టని నెలను ఎవడూ చెరపలేడు.

ఇంకోటి ఉంది. నా పేరున ఒకే నెలలో ఆరు చోట్ల కార్డులకు, పర్సనల్ లోన్లకు అప్లై చేశారు. ఎవరికైనా కార్డు ఇప్పిస్తే కమీషన్ వస్తుంది కదా, అందుకు. ఒక్కటీ రాలేదు, ఆరు ఎంక్వైరీలు మాత్రం రిపోర్టులో పడ్డాయి. మన రిపోర్టు మనం ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు, అప్పు కోసం బ్యాంకులు ఇలా వరసగా తీసి చూస్తే తగ్గుతుంది.

ఏప్రిల్‌లో వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. స్కోరు 764. "కంగ్రాట్స్ అక్కా" అని పక్కన పూలు కూడా. ఇంట్లో కేసరి చేశాను, నిజం.

ఆ ప్రింటు పట్టుకుని మళ్లీ బ్యాంకుకు వెళ్లాను. మేనేజరుగారు దాన్ని పక్కన పెట్టి తన సిస్టంలో తీశారు. 588. ఉన్న 611 కూడా పోయింది. నా కాగితాన్ని, డిసెంబరులో వాళ్లు తీసిన పాత కాపీని పక్కపక్కన పెట్టి చూపించారు. రిపోర్టు పైన కంట్రోల్ నంబరు అని ఒకటి ఉంటుంది, ఎప్పుడు తీస్తే అప్పుడు కొత్తది వస్తుంది. నా దగ్గరున్న దాని మీద డిసెంబరు కాపీ నంబరే ఉంది. ఆ కాపీ ఏజెన్సీకి నేనే ఫోటో తీసి పంపాను. స్కోరు, తేదీ మార్చి, సెటిల్డ్ అన్న లైను తీసేసి నాకే తిప్పి పంపారన్నమాట.

"మీరు ఇది అప్లికేషన్‌తో పాటు సబ్మిట్ చేసి ఉంటే దొంగ కాగితం పెట్టినట్టు అయ్యేది మేడమ్, లోన్ సంగతి దేవుడెరుగు, కేసు అయ్యేది" అన్నారాయన. మంచి మనిషి కాబట్టి ఆ కాగితం నా చేతికే ఇచ్చేశారు. అందరికీ అలాంటి మేనేజరు దొరకడు.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే మొదట "బ్యాంకు సిస్టం అప్‌డేట్ కాలేదక్కా" అన్నాడు, రెండో రోజు కట్ చేశాడు, మూడో రోజు నుంచి స్విచాఫ్. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టాను. కట్టి మూడు నెలలు దాటింది కాబట్టి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. డబ్బు పోయిన గంటల్లోనే చేస్తే ఆపే అవకాశం ఉంటుంది, మీకు అనుమానం వస్తే నాలాగా మొహమాటపడి ఆగకండి.

ఇక నేను సొంతంగా చేసింది చెబుతాను. దీనికి ఏజెంటు ఎవరూ అక్కర్లేదు, అప్లికేషన్ ఫీజు అంటూ ఒక్క రూపాయి లేదు.

ముందు సిబిల్ కస్టమర్ కేర్‌కు పాన్, ఆధార్ పంపి నా ఈమెయిల్ మార్పించుకున్నాను. మన దేశంలో బ్యూరోలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికి ఒకసారి ఒక్కో బ్యూరో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఉన్న రూలే. నాలుగూ తీసి, స్కూల్లో పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

అందులో నిజమైన తప్పు ఒకటి దొరికింది. 2019లోనే తీరిపోయిన ఫ్రిజ్ ఈఎంఐ మీద ఒక వాయిదా బాకీ ఉన్నట్టు చూపిస్తోంది. 14,999 తీసుకున్నవాళ్లకు ఇది కనపడనే లేదు! బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ పెట్టి, బాకీ ఏమీ లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన నో డ్యూస్ లెటర్ జత చేశాను. 19వ రోజు సరిచేశారు. ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పని కాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, బ్యూరోలు కూడా 2022 సెప్టెంబరు నుంచి దాని కిందికే వస్తాయి. నాకు అంతదూరం వెళ్లే అవసరం రాలేదు.

ఆరు ఎంక్వైరీల మీద కూడా రాశాను. రెండు తీసేశారు. మిగతా నాలుగింటికీ ఓటీపీ నా ఫోన్ నుంచే వెళ్లిందన్నారు. ఏమంటాను?

అసలు సమస్య, ఆ సెటిల్డ్. కార్డు బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకు మెయిల్ రాశాను, వదిలేసిన మొత్తం కట్టేస్తాను, రికార్డు మారుస్తారా అని. రెండు మెయిళ్లకు జవాబు లేదు, మూడోదానికి వచ్చింది. చీటీ డబ్బులు రాగానే 28,400 కట్టాను. కట్టకముందే "క్లోజ్డ్ అని అప్‌డేట్ చేస్తాం" అని రాతపూర్వకంగా తీసుకున్నాను, కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్నాను. అన్ని బ్యాంకులూ దీనికి ఒప్పుకుంటాయని నేను చెప్పను, అడిగితే పోయేదేమీ లేదు. ఒకటి లెక్క వేసి చూడండి: ఏజెన్సీకి పోసిన 14,999, నేను కట్టాల్సిన 28,400లో సగానికి పైనే.

బ్యాంకులు 15వ తేదీకొకసారి, నెలాఖరుకొకసారి బ్యూరోలకు వివరాలు పంపాలని 2025 జనవరి నుంచి రూలు వచ్చింది. అందుకని నాకు మార్పు తొందరగానే కనిపించింది. అయితే కనిపించింది సెటిల్డ్ పోయి క్లోజ్డ్ రావడం ఒక్కటే. స్కోరు ఒక్కసారిగా ఎగరలేదు. పాత నెలల ఆలస్యాలు అలాగే ఉన్నాయి, నిజంగా ఆలస్యం చేశాను కాబట్టి ఉంటాయి. తర్వాత 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఒక కార్డు తీసుకున్నాను. పాలు, కరెంటు బిల్లు, నెలకు మూడు నాలుగు వేలు దాటకుండా వాడి, బిల్లు రాగానే మొత్తం కట్టేస్తున్నాను. కొంచెం కట్టి మిగతాది తర్వాతకు వదిలే మినిమం డ్యూ అనే గడి వైపు చూడను.

ఏడాదికి 588 నుంచి 706కు వచ్చింది. ఇంకా 750 కాలేదు. ఇంటి స్థలంలో ప్రస్తుతానికి బెండకాయలు కాస్తున్నాయి.

ఏజెన్సీ పేరు రాసినా ఉపయోగం లేదన్నాను కదా. పోయిన వారం మా సైన్స్ టీచరు తన ఫోన్ తెచ్చి, "వీళ్లెవరో సిబిల్ బాగు చేస్తారట, చూడండి" అంది. డీపీలో అదే కుర్రాడు, అదే నీలం చొక్కా. కంపెనీ పేరు వేరు, నంబరు వేరు. ఫీజు 17,999 చేశాడు. ఆమెను అప్పుడే అక్కా అని కూడా పిలిచేశాడు.