భవానీ ద్వీపానికి చిన్న బోటా, పెద్ద బోటా?

సెలవులొస్తే చాలు, ఇదే ప్రశ్న. ఇంట్లో నలుగురం, అమ్మ కూడా వస్తానంటోంది, విజయవాడ పున్నమి ఘాట్ నుంచి కృష్ణానదిలోని ద్వీపానికి స్పీడ్ బోటు ఎక్కాలా, పెద్ద బోటు ఎక్కాలా? అడిగేవాళ్లలో చాలామందికి జవాబు ముందే మనసులో ఉంటుంది: పెద్దదైతే భయం లేదని. మాట్లాడుకోవాల్సింది ఆ నమ్మకం గురించే.

బోటు ఒరిగేది చిన్నదైనందుకు కాదు. పట్టేవాళ్లకన్నా ఎక్కువమంది ఎక్కడం వల్ల, ఎక్కినవాళ్లు ఒకే పక్కకు చేరడం వల్ల. 2017 నవంబరు 12న గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర తిరగబడింది నలుగురైదుగురు ఎక్కే బోటు కాదు. అనుమతి లేని బోటులో పరిమితికి మించి ఎక్కించుకున్నారు, ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు, 20 మందికి పైగా చనిపోయారు. పెద్ద బోటులో జనం కూర్చోరు. కొండమీద దుర్గమ్మ గుడి కనబడగానే ఫోన్లు తీసి అందరూ ఒకే రెయిలింగు దగ్గరికి చేరతారు. పైఅంతస్తులో అలా చేరితే మరీ ప్రమాదం. బరువు ఎంత ఎత్తున ఉంటే బోటు అంత సులువుగా ఒరుగుతుంది. మొత్తం ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టడం మన వల్ల కాదు.

చిన్న బోటులో ఆ లెక్క కళ్లముందే ఉంటుంది. సీట్లు ఎన్ని, మనుషులు ఎందరు అన్నది ఎక్కకముందే తేలిపోతుంది. ఒళ్లో పిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్నా ఒక మనిషి కిందే లెక్క. బరువున్నవాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చుంటే మొన పైకి లేచి, నడిపేవాడికి ఎదురుగా నీళ్లు కనబడవు. అందుకే ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చోవాలి. ఎక్కేటప్పుడు అంచుమీద కాలు పెట్టకుండా నడిమధ్య పెట్టాలి. సంచీ ముందుగా అందించి, చేతులు ఖాళీగా ఉంచుకోవాలి.

ఇంజను వెనక ఒకసారి చూడండి. నడుస్తున్నప్పుడు పక్కనుంచి వేలి లావున కూడా లేని నీటిధార చిమ్ముతుంటుంది. ఇంజనును చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయనడానికి అదే గుర్తు. గుర్రపుడెక్క చిక్కుకుని నీళ్లు లాగే రంధ్రం మూసుకుపోతే ఆ ధార సన్నబడి ఆగిపోతుంది, ఇంజను కాగిపోయి నది మధ్యలో నిలిచిపోతుంది. ధార లేకపోతే బయలుదేరకముందే చెప్పండి.

ఇంకొక మాట. ఫొటోల కోసం ‘కొండ పక్కనుంచి పోనివ్వు బాబూ’ అని అడగొద్దు. రాతికట్టుకు తగిలిన అల వెనక్కి మళ్లి, ఎదురొచ్చే అలతో కలుస్తుంది. అక్కడ నీళ్లు ఎటుబడితే అటు ఎగుడుదిగుడుగా లేస్తాయి, చిన్న బోటుకు అదే గండం. పైగా ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులకన్నా తగ్గిన రోజుల్లో గట్టు దగ్గర రాళ్లు పైకి తేలతాయి, ఫ్యాను రెక్క తగిలితే విరుగుతుంది.

లైఫ్ జాకెట్ బకిల్సన్నీ పెట్టుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే నీళ్లలో అందులోంచి జారిపోతారు.

పెద్ద బోటు మేలైనది ఒక్కచోట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఊగే బోటులోకి వంగి దిగలేరు. వాళ్లు అడ్డపలక మీదుగా నడిచి ఎక్కాలంటే అదే దిక్కు. అప్పుడు కింది అంతస్తులో, బయటికి దారి ఉన్న వైపు కూర్చోబెట్టండి. కప్పు కింద లోపల ఇరుక్కుంటే జాకెట్టే మనిషిని కప్పుకేసి నొక్కుతుంది, బయటికి రానివ్వదు.

చేపలవాళ్ల నాటు పడవ మాట వద్దు. జాకెట్లుండవు.

గేట్లు ఎత్తి నీళ్లు వదులుతున్న రోజుల్లో రెండూ వద్దు, బోటింగు కూడా ఆపేస్తారు. 2024 సెప్టెంబరు వరదలో కట్లు తెంచుకున్న బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకే గుద్దుకున్నాయి.

నలుగురు, అందరికీ మోకాళ్లు బాగుంటే ఉదయం పూట చిన్న బోటు ఎక్కండి. ఎండాకాలం సాయంత్రమైతే సముద్రం వైపునుంచి గాలి లేస్తుంది. ద్వీపానికి వెళ్లేటప్పుడు వీపు మీద వీస్తుంది కాబట్టి తెలియదు. తిరుగుదారిలో అదే ముఖాన కొట్టి, మొన ప్రతి అలకూ దబ్బున పడుతూ నీళ్లు మీద చిమ్ముతుంది. ఫోన్లు కవర్లో పెట్టి, వయసు పైబడినవాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టి, నెమ్మదిగా పోనివ్వమని చెప్పండి.