టవర్‌కు బ్యాక్‌హాల్: ఫైబర్, మైక్రోవేవ్, లేజర్‌లలో ఏది మేలు?

ఫోన్ నుంచి టవర్ దాకా సంకేతం ఎలాగూ గాలిలోనే వస్తుంది. అక్కడి నుంచి దాన్ని ప్రధాన నెట్‌వర్క్‌కు చేర్చే బ్యాక్‌హాల్‌ను దేనితో కట్టాలన్న దగ్గరే అసలు లెక్క మొదలవుతుంది.

సామర్థ్యం ఒక్కటే కొలమానమైతే ఫైబర్‌కు సాటి లేదు. 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద అందులో కిలోమీటరుకు సంకేతం కోల్పోయే బలం సుమారు 0.2 డెసిబెళ్లే (ఈ నష్టాన్ని కొలిచే ప్రమాణమే డెసిబెల్), రద్దీ పెరిగితే తీగ జోలికి పోకుండా రెండు కొసల్లోని పరికరాలు మారిస్తే సరిపోతుంది. ఖర్చులో పెద్ద భాగం మాత్రం గాజుతీగది కాదు, దాన్ని పాతిపెట్టే కందకానిది. పొక్లెయిన్ ఒక్కసారి తగిలితే అతుకు వేసేదాకా గంటల తరబడి ఎదురుచూడాల్సిందే.

మైక్రోవేవ్‌కు తవ్వకం అక్కర్లేదు. రెండు టవర్లు ఒకదానికొకటి అడ్డం లేకుండా కనబడితే, స్పెక్ట్రం అనుమతి చేతిలో ఉంటే, కొద్ది రోజుల్లో లింకు నిలబడుతుంది. 10 గిగాహెర్ట్జ్ దాటాక వాన దీనికి శత్రువు. అయినా వాన ముదిరినప్పుడు లింకు ఒక్కసారిగా తెగిపోదు: తరంగం మీద డేటాను ఎక్కించే పద్ధతిని మారుస్తూ, ఒక్కో చిహ్నానికి (ఒక విడత సంకేతానికి) 8 బిట్లు మోసే 256 క్వామ్ నుంచి, 2 బిట్లే మోసినా వానకు బాగా తట్టుకునే క్యూపీఎస్‌కేకు మెట్లు దిగుతూ, సామర్థ్యం నాలుగో వంతుకు పడినా కాల్స్‌ను నిలబెడుతుంది. ఫైబర్‌కు ఈ మధ్యస్థితి లేదు, ఉంటే పూర్తిగా ఉంటుంది, తెగితే ఏమీ మిగలదు.

గాలిలో లేజర్ పంపే పద్ధతికి సాధారణంగా స్పెక్ట్రం లైసెన్సు అడగరు. వానను అది కొంతవరకు ఓర్చుకుంటుంది గాని, దట్టమైన పొగమంచులో నష్టం కిలోమీటరుకు 100 డెసిబెళ్లు దాటవచ్చు. కొన్ని వందల మీటర్లకు మించి దీన్ని ఒంటరిగా నమ్మమని నేను చెప్పను. మిల్లీమీటర్ తరంగాలది (బాగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ గల రేడియో తరంగాలు) దీనికి తారుమారు స్వభావం, పొగమంచును దాటుతాయి, జడివానకు లొంగుతాయి. అందుకే ఈ రెండింటి జోడీ అర్థవంతమైనది.

99.9 శాతం లభ్యత అంటే ఏడాదికి దాదాపు 9 గంటల అంతరాయం. అలాంటి లింకులు రెండుంటే, వాటి వైఫల్యాలకు పరస్పరం సంబంధం లేకపోతే, కాగితం మీద అది అర నిమిషానికి తగ్గుతుంది. కనుక అనేక టవర్ల రద్దీ కలిసే కూడలికి ఫైబర్ వేసి, వేరే దిశలో మైక్రోవేవ్‌ను తోడుగా పెట్టడం, కొస టవర్లను ఒక్క మైక్రోవేవ్‌తో సరిపెట్టడం నా ఎంపిక. ఒకే కందకంలో వేసిన రెండు ఫైబర్లను రెండుగా లెక్కించకూడదు; రెండు లింకుల పరికరాలూ ఒకే బ్యాటరీ మీద నడుస్తున్నా అంతే.