ఇంటికొచ్చి రక్తం తీసే ల్యాబ్: కుర్రాడికి 5 స్టార్లు, ఫోన్ చేసిన అమ్మాయికి 1

నాలుగేళ్లుగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. ఈసారి చెకప్‌కి వెళ్తే కీళ్ల డాక్టరు గారు విటమిన్ డి తక్కువుందేమో టెస్టు చేయించమన్నారు. గుంటూరులో పుట్టి పెరిగినదానికి డి తక్కువేంటని నవ్వొచ్చింది. కానీ నేను ఎండ మొహం చూసేదెప్పుడు? బ్రాడీపేట నుంచి స్కూటీ మీద బడికి వెళ్తుంటే మోచేతుల దాకా గ్లౌజులు, మొహానికి చున్నీ, కళ్లొక్కటే బయటికి. సాయంత్రం దాకా క్లాసుల్లోనే.

అరండల్‌పేటలోని ఒక ల్యాబ్‌కి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి టెస్టు పేరు పూర్తిగా చెప్పనివ్వలేదు. "ఒక్కటే ఎందుకు మేడమ్, ఇమ్యూనిటీ ప్యాకేజీలో 68 టెస్టులొస్తాయి" అంటూ మొదలుపెట్టింది. వద్దని చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. పైగా రాత్రి 8 తర్వాత ఏమీ తినొద్దంది. ఈ టెస్టుకి పరగడుపు అక్కర్లేదని తర్వాత డాక్టరు గారు చెబితే తెలిసింది. పొద్దున కాఫీ లేకపోతే నేను మనిషిని కాదు, మా వారిని అడగండి.

కుర్రాడు మాత్రం బంగారం. 6:30 అన్నాడు, 6:40కి వచ్చాడు. పొద్దున్నే నా వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, పిడికిలి పట్టడం రాదు. "తొందరేం లేదు మేడమ్" అని కూర్చుని, వాపున్న మణికట్టు జోలికి పోకుండా రెండో చేతికి పట్టీ కట్టాడు. ఒక్కటే గుచ్చు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నారా అనీ అడిగాడు. అవి వేసుకుంటే కొన్ని మెషీన్లలో డి అంకె తప్పుగా వస్తుందట. ట్యూబు మీద నా పేరు రాసి, నాచేతే చదివించాడు.

రిపోర్టు సాయంత్రానికే వాట్సాప్‌లో వచ్చింది. డి 14, తక్కువని ఎర్రటి అక్షరాల్లో. మర్నాడు మళ్లీ ఆ అమ్మాయే: "మీ ఇమ్యూనిటీ బాగా పడిపోయింది మేడమ్, బూస్టర్ కిట్ పంపమంటారా?"

పడిపోవడమేంటమ్మా, నా ఇమ్యూనిటీ హద్దు మీరి నా కీళ్లనే కొరుకుతోంది కదా!

ఈ మాట చెబితే డాక్టరు గారు నవ్వి, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మన తెల్ల రక్తకణాల్లో డి వచ్చి పట్టుకోవడానికి రిసెప్టార్లు ఉంటాయట. క్రిమి దొరికితే కొన్ని కణాలు డి ని తామే పనిచేసే రూపంలోకి మార్చుకుని, క్రిమిని చంపే ప్రొటీన్ తయారుచేస్తాయట. అదే డి, రెచ్చిపోయే టీ కణాలకు (అవీ ఒక రకం తెల్ల రక్తకణాలే) కళ్లెం కూడా వేస్తుందట. నా లెక్కలో అది బూస్టర్ కాదు, మంచి క్లాస్ లీడర్. కునికేవాణ్ణి లేపుతుంది, అల్లరివాణ్ణి కూర్చోబెడుతుంది.

అయితే నా జబ్బు పోతుందా అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. అమెరికాలో సుమారు 26 వేల మంది మీద జరిగిన వైటల్ అనే అధ్యయనం గురించి చెప్పారు. రోజుకు 2,000 యూనిట్ల డి వేసుకున్నవాళ్లలో ఐదేళ్లలో కొత్తగా ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే నాకులా సొంత ఇమ్యూనిటీయే ఒంటిని కొరికే జబ్బులు, 22 శాతం తక్కువగా వచ్చాయని 2022లో ప్రచురించారు. "అది జబ్బు రాకుండా ఆపుతుందేమో అని చూసింది టీచర్ గారూ, వచ్చినదాన్ని తగ్గించేందుకు కాదు. మెథోట్రెక్సేట్ మానకండి" అన్నారు. అది నేను కీళ్లకి వాడే మందు. అయినా స్టెరాయిడ్ వాడిన ఎముకలకు డి కావాలని, 60 వేల యూనిట్ల పొడి వారానికొకటి, ఎనిమిది వారాలు రాశారు. నెయ్యో పెరుగో ఉన్న భోజనంతోనే వేసుకోవాలట. మా స్టాఫ్‌రూములో ఒకావిడ దాన్నే రోజుకొకటి వేసుకుని, కాల్షియం పెరిగిపోయి వాంతులతో ఆసుపత్రిపాలైంది.

మూడు నెలల తర్వాత మళ్లీ టెస్టుంది. ఈ ల్యాబ్‌కే ఇస్తాను, కానీ ఫోన్ చేసేది నేను కాదు. ప్యాకేజీలకు లొంగని మనిషి మా అత్తగారు, ఆవిడ చేత చేయిస్తాను.