మార్చే ముందు కొలిచే వర్క్‌షాప్: కిట్ కారు మరమ్మతు సేవపై ఒక సమీక్ష

ఇంగ్లండ్‌లో కవెంట్రీకి చేరువలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాప్ సేవపై రాస్తున్న సమీక్ష ఇది. విడిభాగాల కిట్ కొని ఇళ్లలో, గ్యారేజీల్లో కట్టుకున్న కిట్ కార్లలో చివరి దశలో బయటపడే యాంత్రిక లోపాలను కనిపెట్టి సరిచేసి, వాటిని ప్రభుత్వ ఆమోద పరీక్షకు సిద్ధం చేయడం వారి వృత్తి. నడిపేది ఇద్దరే. చేతినిండా పని ఉంది కనుక పేరు బయట పెట్టవద్దని కోరారు. పేరు లేని సమీక్ష ఎందుకని ఎవరైనా అడగవచ్చు. బ్రిటన్‌లో ఈ పని చేసేవారు ఇంకా ఉన్నారు. వారిలో ఎవరి దగ్గరికి వెళ్లినా డబ్బు దేనికి చెల్లించాలో ఈ అనుభవం నుంచి తెలుస్తుందని నా ఉద్దేశం.

తీసుకెళ్లిన కారు 1.6 లీటర్ల ఇంజన్ గల తొలితరం మాజ్దా ఎమ్ఎక్స్-5 భాగాలతో, ఉక్కు గొట్టాల చాసిస్‌పై కట్టినది. 1989లో వచ్చిన ఈ మాజ్దా మోడల్ ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ మొత్తాన్ని తీసి కిట్‌కు బిగించడం అక్కడ మామూలే. ఈ కారును మొదలుపెట్టిన వ్యక్తి మధ్యలో వదిలేయగా నేను కొన్నాను. వైరింగ్ ఎవరు ఏ క్రమంలో చేశారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. స్టార్టర్ తిప్పితే ఇంజన్ అంటుకునేది, తాళం వదలగానే ఆగిపోయేది.

ఈ ఒక్క లోపాన్ని వారు పరిశీలించిన తీరే నన్ను ఆకట్టుకుంది. అంతకుముందు చూసిన ఒక మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చమన్నాడు, మరొకాయన ఇగ్నిషన్ కాయిల్ అన్నాడు. ఇక్కడ మాత్రం ఏ భాగాన్నీ విప్పకుండా, ఇంజన్ బేలో లోపాలు పరీక్షించడానికి ఉండే డయాగ్నస్టిక్ పెట్టెలో పంపు పిన్నును, ఎర్త్ పిన్నును చిన్న తీగతో కలిపారు. పంపు చప్పుడు వినిపించింది, ఇంజన్ అంటుకుంది, తడబడుతూనే అయినా ఆగకుండా నడిచింది. పంపు బాగానే ఉందని, దానికి కరెంటు అందే దారిలోనే లోపమని అక్కడికక్కడే తేలిపోయింది. ఈ ఇంజన్‌లో స్టార్టర్ తిరుగుతున్నంతసేపు పంపుకు కరెంటు ఒక దారిలో వస్తుంది. తాళం వదిలాక, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్ లోపలి రెక్క గాలి ఒత్తిడికి తెరుచుకుని ఒక స్విచ్‌ను నొక్కి ఉంచితేనే ఆ కరెంటు కొనసాగుతుంది. మీటర్‌కూ, యాక్సిలరేటర్‌తో తెరుచుకునే థ్రాటిల్‌కూ మధ్య ఎక్కడైనా బయటి గాలి లోపలికి చొరబడితే రెక్క చాలినంత తెరుచుకోదు, పంపు ఆగిపోతుంది, దానితో ఇంజనూ ఆగుతుంది. గాలి లోపలికి వెళ్లే ఈ ఇంటేక్ మార్గంలోకి పొగ పంపి చూస్తే, కిట్ బానెట్ ఎత్తుకు సరిపోయేలా ఎవరో కోసి అతికిన రబ్బరు గొట్టం అడుగున, కంటికి కనపడని చోట, పగులు దొరికింది. మార్చవలసి వచ్చింది ఒక గొట్టాన్నీ రెండు క్లిప్పులనీ మాత్రమే.

రెండో ఫిర్యాదు విద్యుత్తుది. హెడ్‌లైట్లు వేయగానే ఉష్ణోగ్రత ముల్లు పైకి లేచేది, ఇండికేటర్ మందగించేది. కిట్ కార్లలో ఇలాంటివి ఎక్కువగా ఎర్త్ సరిగా లేకపోవడం వల్ల వస్తాయి. చాసిస్‌కు వేసే పౌడర్ కోటింగ్ తుప్పును ఎంత బాగా ఆపుతుందో కరెంటునూ అంత బాగానే ఆపుతుంది. బోల్టు ఎంత గట్టిగా బిగించినా కింద రంగు ఉంటే అది ఎర్త్ కాదు. వీరు స్టార్టర్ తిప్పుతూ ఇంజన్ బ్లాకుకూ బ్యాటరీ నెగటివ్ కొసకూ మధ్య మల్టీమీటర్ పెట్టారు. అర వోల్టు దాటకూడని చోట వోల్టుకు పైగా చూపించింది. రంగు గీకి, పళ్ల వాషర్లు వేసి, ఇంజన్ నుంచి చాసిస్‌కు మందమైన పట్టీ తీగ కలిపాక అదే కొలత మళ్లీ తీసి, రెండు అంకెలనూ పక్కపక్కన కాగితం మీద రాసి ఇచ్చారు. రిపేరు చేశామని చెప్పడం వేరు, చేసినట్టు అంకెల్లో చూపించడం వేరు. ఈ రెండోదాని కోసమే నేను ఎక్కువ డబ్బు ఇవ్వడానికి సిద్ధపడతాను.

కూలింగ్ విషయం త్వరగానే తేలింది. ముక్కు కిందికి వంగిన బాడీలో రేడియేటర్ ఇంజన్ కన్నా దిగువన ఉంటుంది కాబట్టి గాలి పై గొట్టంలో చిక్కుకుంటుంది. కారు ముందు భాగాన్ని ఎత్తి, అన్నిటికన్నా ఎత్తయిన చోట గాలి బయటకు వదిలే బ్లీడ్ స్క్రూ పెట్టి నీళ్లు నింపారు. ఫ్యాన్ తీగలు తారుమారై గాలిని ఎదురు దిశలో విసురుతున్న సంగతి కూడా అప్పుడే బయటపడింది.

బ్రేకుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణానికి సంబంధించినది ఇదే. పెడల్ సగం పైగా దిగితే తప్ప పట్టు దొరికేది కాదు. ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే ముందు కాలిపర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించి ఉండటంతో, గాలి తీసే బ్లీడ్ నిపిల్ కిందికి వచ్చింది. ఎంత ఆయిల్ పంపినా పైన చిక్కిన గాలి బయటకు రాదు. వాటిని అటుదిటు మార్చాక పెడల్ చాలావరకు మెరుగుపడింది గాని పూర్తిగా కాలేదు. మిగిలిన కారణం వెనుక కాలిపర్లలో ఉంది. ఈ మాజ్దా వెనుక కాలిపర్‌లో ఒక బోల్టు తీస్తే దాని వెనక 4 మిల్లీమీటర్ల అలెన్ స్క్రూ కనిపిస్తుంది. ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య సందును దానితోనే సరిచేయాలి. ప్యాడ్లు తాకేదాకా బిగించి కొద్దిగా వెనక్కి వదలాలి. ఈ స్క్రూ గురించి తెలియక మాస్టర్ సిలిండరే మార్చేసేవారు ఉన్నారట. అది సరిచేశాక పెడల్‌తో పాటు హ్యాండ్‌బ్రేక్ కూడా దారికి వచ్చింది. వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే ముందుగా లాక్ అయితే ఆమోద పరీక్షలో కారు నిలవదు కనుక, మాజ్దా బ్రేక్ లైన్లలో వెనుక బ్రేకుల ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్‌ను తీసేయకుండా అలాగే ఉంచమని గట్టిగా చెప్పారు.

ఆ పరీక్షను అక్కడ ఐవీఏ (ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్) అంటారు. 2009లో ఎస్‌వీఏ అనే పాత పరీక్ష స్థానంలో వచ్చింది, నిర్వహించేది డీవీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ. చాలామంది చిక్కుకునే అంశం స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం. మలుపులో స్టీరింగ్ వదిలితే అది వెనక్కి తిరగాలి. మామూలు కారులో దీన్ని ఎవరూ గమనించరు, కానీ కిట్ కారు చాలా తేలిక గనుక ముందు చక్రాల మీద బరువు తక్కువ, తిరిగి రావడానికి చాలినంత బలం ఉండదు. వర్క్‌షాప్ వారు ముందుగా టైరు గాలి, ఆ తరువాత అలైన్‌మెంట్ చూశారు. చివరికి అసలు అడ్డంకి సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌ల దగ్గర దొరికింది. కారు కట్టినప్పుడు ఎవరో చక్రాలు గాలిలో వేలాడుతుండగానే ఆ బుష్‌ల బోల్టులను బిగించేశారు. అలా బిగిస్తే కారు నేల మీద నిలబడగానే రబ్బరు మెలితిరిగి, బిగపట్టుకుని ఉంటుంది. కారును నాలుగు చక్రాల మీద నిలిపి, బోల్టులు వదులు చేసి, ఆ ఎత్తులోనే మళ్లీ బిగించారు. ఎమ్ఎక్స్-5లో ముందు ఆర్ముల బోల్టులు తిప్పితే ఆర్ము కొద్దిగా జరిగే ఎక్సెంట్రిక్ రకం కాబట్టి, స్టీరింగ్‌ను మధ్యకు రప్పించే క్యాస్టర్ కోణాన్ని కూడా కొంత పెంచారు. తరువాత స్టీరింగ్ చేతి నుంచి జారి తిరిగి రావడం స్పష్టంగా తెలిసింది.

ఇక ఈ వర్క్‌షాప్ లోపాల విషయానికొస్తే, పని ఎప్పటికి పూర్తవుతుందో ముందుగా చెప్పరు. అడిగితే కసురుకున్నట్టు జవాబిస్తారు. ఫోటోలు పంపమంటే పంపుతారు గాని, ఆ ఫోటో దేనిదో రాయరు. అన్నిటికన్నా నాకు నచ్చనిది ఏమిటంటే, యాంత్రిక విషయాలు తప్ప మిగతావి తమ బాధ్యత కాదని తేల్చేస్తారు. ఐవీఏలో బయటికి పొడుచుకు వచ్చే అంచుల వ్యాసార్థం 2.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నా కారు మొదటిసారి తప్పింది ఇంజన్ వల్లనో బ్రేకు వల్లనో కాదు, ఒక లైటు బ్రాకెట్ పదునైన అంచు వల్ల. కారు అన్నాళ్లు వారి షెడ్డులో, వారి కళ్లెదుటే ఉంది. బాగుచేయడం వారి పని కాకపోయినా ఒక మాట చెప్పవలసింది. అంచుకు రబ్బరు పట్టీ తొడిగి రీటెస్ట్‌లో నెగ్గాను.

ధర గంటల లెక్కన. లోపం కనిపెట్టిన సమయాన్నీ, సరిచేసిన సమయాన్నీ బిల్లులో విడివిడిగా చూపుతారు. నా బిల్లులో మొదటిది రెండోదానికన్నా చాలా ఎక్కువ, భాగాల ఖర్చు అన్నిటికన్నా తక్కువ. మొదట కొంచెం కష్టంగా అనిపించినా, ఇతరులు మార్చమన్న పంపు, కాయిల్ ధరలతో పోల్చి చూశాక అన్యాయం అనిపించలేదు. కారుతో పాటు దాత కారు, అంటే భాగాలు తీసుకున్న పాత కారు, రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా తప్పక తీసుకెళ్లండి. కొత్త చాసిస్‌తో పాటు ఒకే దాత కారు నుంచి కనీసం రెండు ప్రధాన భాగాలు వాడినట్టు చూపితే, వాహనాలను రిజిస్టర్ చేసే డీవీఎల్‌ఏ సంస్థ ఆ దాత కారు వయసుకు తగిన నంబరు ఇస్తుంది, లేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే ప్లేటు వస్తుంది.

హైదరాబాద్, విజయవాడల నుంచి కొందరు మిత్రులు ఇలాంటిది మన దగ్గర కుదురుతుందా అని అడిగారు. ఇంటిలో కట్టిన ఒక్క కారుకు విడిగా ఆమోదం ఇచ్చే ఐవీఏ లాంటి సులువైన దారి మన దేశంలో లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 126వ నియమం ప్రకారం కొత్త మోడల్‌ను పుణెలోని ఏఆర్‌ఏఐ (వాహన పరిశోధన సంస్థ) వంటి సంస్థలు పరీక్షించాలి. పాత కారును మార్చుకుందామన్నా, తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. బ్రిటన్‌లో ఉంటున్నవారికి మాత్రం, ఈ తరహా వర్క్‌షాప్‌కు ఫోన్ చేసినప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: రిపేరుకు ముందూ తరువాతా తీసిన కొలతలను రాసిస్తారా? కొలతలు రాసిచ్చే అలవాటు లేదంటే ఇంకొకరిని చూసుకోండి.